చదువు కిందికి వచ్చే ఖర్చులు

నేను ఒక పాసుపుస్తకాన్ని. ఇప్పుడు నా మీద 'రద్దు' అని ముద్ర పడింది. చివరి పేజీలో చివరి గీత దాకా నిండిపోయాక ఇక నాతో ఎవరికీ పని లేదు. దాలమ్మ ఇంట్లో రేకుపెట్టె అడుగున, ఆమెకున్న ఒకే ఒక్క పట్టుచీర మడతల కింద పడుకుని ఉంటాను. పని లేని ముసలివాళ్ళకి పాత సంగతులు నెమరు వేసుకోవడమే పని కదా. వినే ఓపిక మీకుంటే చెప్తాను.

ఏదో పెద్ద ఊరి అచ్చుయంత్రం మీద పుట్టాను. నాతోపాటు వేల పుస్తకాలు పుట్టాయి, అందరివీ ఒకే ముఖాలు. మనుషులకి పుట్టిన కొన్నాళ్ళకే పేరు పెడతారు. మాకు అలా కాదు, ఎవరో ఒకరి పేరు మా మొదటి పేజీలో రాసేదాకా మేం ఉన్నా లేనట్టే లెక్క. కట్టలు కట్టి, సంచిలో కుక్కి, రైలెక్కించి శ్రీకాకుళం జిల్లా పలాసలో దించి, దాన్ని ఆనుకుని ఉన్న కాశీబుగ్గకి చేర్చారు. తపాలా కార్యాలయం బీరువాలో, జిగురు వాసనకీ బొద్దింకలకీ మధ్య కొన్ని వారాలు గడిపాను.

అది రెండువేల పదిహేను. ఆడపిల్లల పేరున సుకన్య సమృద్ధి అని సర్కారు కొత్త ఖాతా మొదలుపెట్టిన ఏడాది. వడ్డీ కాస్త ఎక్కువ, పైగా కట్టిన సొమ్ముకి పన్నులో మినహాయింపు, వచ్చిన వడ్డీకి అసలు పన్నే లేదు. ఆ మాట విని పన్ను కట్టే ఉద్యోగస్థులు మొదటి వారంలోనే వచ్చి పడ్డారు. పన్ను అంటే ఏమిటో తెలియని దాలమ్మ మార్చి నెలాఖరున వచ్చింది, కూతురి చెయ్యి పట్టుకుని.

కిటికీ అవతల సుభాషిణిగారు కూర్చునేవారు. కళ్ళజోడుకి నల్లతాడు కట్టి మెడలో వేలాడదీసుకునే మనిషి.

"పేరు?"

"దాలమ్మండి."

"నీ పేరు కాదమ్మా, పాప పేరు."

"ఢిల్లీశ్వరండి."

మా ప్రాంతంలో వీధికొక ఢిల్లీశ్వరి గాని ఢిల్లీశ్వరరావు గాని ఉంటారు. వాళ్ళలో ఢిల్లీ చూసినవాళ్ళు నాకైతే తగల్లేదు.

సుభాషిణిగారు పుట్టినతేదీ కాగితం చూసి పెదవి విరిచారు. "పదేళ్ళు దాటిపోయాయే!"

"అయితే అవ్వదాండీ?" దాలమ్మ ముఖం వాడిపోయింది.

"ఈ ఒక్క ఏడాదికీ కాస్త సడలింపు ఇచ్చార్లే. బతికిపోయావు." ఆవిడ కలం తీస్తూ ఊరికే అడిగారు, "ఎందుకు దాస్తున్నావు? చదువుకా, పెళ్ళికా?"

"సదువుకేనండి. పెళ్ళి దాని సరదా. సదువు నా సరదా."

సుభాషిణిగారు నవ్వి నా మొదటి పేజీ మీద ఆ పేరు రాశారు. కిటికీ అంచు పట్టుకుని మునివేళ్ళ మీద లేచిన పదేళ్ళ పిల్ల తన పేరు తడి ఆరేదాకా కళ్ళార్పకుండా చూసింది.

దాలమ్మది జీడి పిక్కలు కొట్టే పని. పిక్క తొక్కలో ఒక నూనె ఉంటుంది. అది చేతులకి అంటితే చర్మం కాలి నల్లబడుతుంది. బూడిద రాసుకున్నా, ఆముదం రాసుకున్నా ఆ నలుపు పోదు. ఆమె వేళ్ళు పట్టుకున్నచోటల్లా నా అట్ట మీద మరకలు పడ్డాయి. కిటికీ దగ్గర తగిలే ఉద్యోగస్థుల పుస్తకాలు తెల్లగా, ప్లాస్టిక్ తొడుగుల్లో హాయిగా ఉండేవి. నేను మాత్రం రెండో ఏటికే పొయ్యి దగ్గర పెరిగినదానిలా తయారయ్యాను. నెలకోసారి, కూలి ముట్టిన శనివారం దాటి సోమవారం రాగానే ఆమె నన్ను సంచిలో వేసుకుని, ఆటో ఖర్చు ఎందుకని నడిచే వచ్చేది. ఒకసారి ఐదువందలు, ఒకసారి వెయ్యి, పిక్కల పని బాగా దొరికిన నెల పదిహేనువందలు. ప్రతి జమాకీ పక్కన ముద్ర పడ్డాక, దాన్ని నోటితో ఊది ఆరబెట్టిగాని కదిలేది కాదు.

ఆమె మొగుడు గున్నయ్య కొబ్బరిచెట్లు ఎక్కి గెలలు దించేవాడు. సరదా మనిషి. నన్ను అరచేతిలో పెట్టుకుని తూకం వేసినట్టు పైకీ కిందికీ ఊపేవాడు.

"ఇందులో ఇన్ని వేలున్నాయంటావు, ఏటే, బరువే లేదు!"

"నీ బుర్రలాగే," అనేది దాలమ్మ.

అలా మూడేళ్ళు సుఖంగానే గడిచాయి. ఆ మూడేళ్ళూ తలుచుకుంటే నాకు కొబ్బరినీళ్ళ వాసన, ఎండలో ఆరబోసిన పిక్కల వాసన, బడి వదిలాక ఢిల్లీశ్వరి నన్ను తెరిచి అంకెలు కూడి తల్లికి వినిపించే గొంతు గుర్తొస్తాయి. తల్లికి అంకెలు రావు. కానీ కూతురు తప్పు చదివితే ఇట్టే పట్టుకునేది. తను కట్టినవన్నీ ఆమెకి నోటికి వచ్చు.

రెండువేల పద్దెనిమిది అక్టోబరులో తితిలీ తుపాను వచ్చింది. తెల్లవారేసరికి మా ఉద్దానం తోటల ప్రాంతంలో నిలబడి ఉన్న కొబ్బరిచెట్టు కోసం వెతుక్కోవలసి వచ్చింది. జీడితోటలు వేళ్ళతో సహా లేచిపోయాయి. ఇంటి కప్పురేకులు ఎవరి పొలంలో పడ్డాయో తెలియదు. దాలమ్మ నన్ను మూడు కవర్లలో చుట్టి బియ్యం డబ్బాలో దింపి మూత బిగించింది గనక బతికాను. పది రోజులు ఆ బియ్యంలోనే ఉన్నాను. రోజుకో గ్లాసు చొప్పున బియ్యం తగ్గుతూ నేను అడుక్కి దిగుతూ ఉంటే, బయట సంగతులు నాకు తెలుస్తూనే ఉన్నాయి.

పడిపోయిన చెట్లు కోసి తొలగించే పనికి గున్నయ్య వెళ్ళాడు. ఇరవై ఏళ్ళు చెట్లెక్కినా ఏమీ కానివాడికి నేల మీద ఆపద వచ్చింది. కోస్తుండగా ఒక మొద్దు దొర్లి అతని తుంటి మీదికి వచ్చింది. శ్రీకాకుళం ఆసుపత్రిలో ఎముక అతికించి పంపారు గాని, అతను మంచం దిగలేదు.

పాడిగేదెని అమ్మారు. తర్వాత దాలమ్మ నన్ను తీసుకుని తపాలా కార్యాలయానికి వచ్చింది.

"ఇందులోది ఇప్పించండమ్మగారూ. మా గుంట ఢిల్లీశ్వరి నాన్న మంచాన పడ్డాడు."

సుభాషిణిగారు నన్ను తెరిచి, మూసి, పక్కన పెట్టారు. "ఇది పాప సొమ్ము దాలమ్మా. పాప చదువుకి, లేకపోతే పాప ప్రాణం మీదికొస్తే. తండ్రి కాలికి ఇవ్వడానికి లేదు."

బయటికి వచ్చాక దాలమ్మ మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. కాసేపటికి కళ్ళు తుడుచుకుని, పక్కన ఎవరూ లేకపోయినా పైకే అంది. "ఇవ్వకపోడమే మంచిదైనాది. ఇచ్చుంటే తీసీసుందును."

తర్వాతి ఏడాది పొడుగునా నాలో ఒక్క జమా కూడా లేదు. కట్టవలసిన కనీసపు సొమ్మూ కట్టలేదు గనక ఖాతా ఆగిపోయింది. మరుసటి ఏడు దాన్ని లేపడానికి యాభై రూపాయల జరిమానా కట్టాల్సి వచ్చింది. "తుపాను ఒచ్చినందుకు మాకే జరిమానాటండీ?" అని దాలమ్మ అడిగితే సుభాషిణిగారు రసీదు చింపి చేతిలో పెట్టారు.

తుపాను సాయం కింద పట్నంనుంచి వచ్చే వైద్యుల బృందంలో ఒక ఫిజియోథెరపీ అమ్మాయి ఉండేది. వారానికొకసారి వచ్చి గున్నయ్య కాలు ఎలా ఎత్తాలో, ఎలా వంచాలో, ఎన్నిసార్లు చెయ్యాలో చూపించేది. మిగతా ఆరు రోజులూ ఆ పని పద్నాలుగేళ్ళ ఢిల్లీశ్వరిది. బడినుంచి రాగానే సంచి పడేసి తండ్రి మడమ కింద చెయ్యి పెట్టి, "ఒకటి, రెండు, నాన్నా, ఊపిరి బిగబట్టకు, మూడు" అని లెక్కపెట్టేది. అతను తిట్టేవాడు, ఏడ్చేవాడు, ఒక్కోసారి కావాలని నిద్ర నటించేవాడు. పిల్ల వదలలేదు. ఏడాదిన్నర తర్వాత ఒక పొద్దున్న గున్నయ్య చేతికర్రతో వీధిచివర టీ కొట్టుదాకా నడిచి, టీ తాగి, వెనక్కి నడిచి వచ్చాడు. ఇంటిముందు నిలబడి చూస్తున్న ఢిల్లీశ్వరి ఆ రోజే చెప్పింది, తను ఏం చదువుతుందో.

ఇంటరయ్యాక ఆమెకి విశాఖపట్నంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఫిజియోథెరపీ సీటు వచ్చింది. ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయం ఎప్పుడో తర్వాత వస్తుందట. చేరేటప్పుడు మాత్రం ముందు కట్టాలి. పది రోజులు గడువు. కాలేజీ ఇచ్చిన కాగితాన్ని నా పేజీల మధ్య పెట్టుకుని తల్లీకూతుళ్ళు కిటికీ దగ్గరికి వచ్చారు. ఇప్పుడు ఢిల్లీశ్వరి మునివేళ్ళ మీద లేవనక్కర్లేదు, కాస్త వంగాలి.

సుభాషిణిగారు కాగితం చదివి, నన్ను తిరగేసి, లెక్క చూశారు. "పోయిన మార్చి ఆఖరుకి డెబ్బైరెండు వేల చిల్లర ఉంది. అందులో సగందాకా చదువుకి తీసుకోవచ్చు. ముప్ఫైఆరు వేలు. కానీ కాలేజీ ఎంత అడిగిందో అంతే ఇస్తాం. ఇందులో ట్యూషన్ ఫీజు పద్దెనిమిదిన్నర వేలే ఉంది."

"హాస్టలుకి కావాలి మేడం. మెస్సు కూడా," అంది ఢిల్లీశ్వరి.

"హాస్టలు కాలేజీదా?"

"కాదండి, బయటది. నా స్నేహితురాలు ఉంది అందులో, చవక."

"బయటదైతే రాదు."

"పుస్తకాలు, తెల్లకోటు?"

"కాలేజీ తన కాగితంలో అడిగితే వస్తాయి. బజార్లో కొనుక్కుంటే రావు."

"బస్సుకి?"

"రాదు."

దాలమ్మ ముందుకి వంగింది. "బువ్వకి కూడా రాదాండీ?"

"అదీ అంతే."

"బువ్వ తినకుండా సదువెలగొస్తాదమ్మగారూ?"

సుభాషిణిగారు కళ్ళజోడు తీశారు. "నాకు తెలీదా దాలమ్మా? కానీ ఇలా గట్టిగా పెట్టకపోతే ఏమవుతుందో నువ్వే చెప్పు. చదువు పేరు చెప్పి తీసుకుపోయి ఇల్లు కప్పించుకునేవాళ్ళూ అప్పులు తీర్చుకునేవాళ్ళూ ఎంతమంది వస్తారు? నువ్వే ఒకసారి రాలేదూ?"

దాలమ్మ తలవంచుకుంది. నాకు ఇద్దరి మీదా జాలి కలిగింది. ఆకలి చదువు కిందికి వస్తుందో రాదో తేల్చే పని సుభాషిణిగారి నెత్తినపడింది. ఆవిడకి అది ఇష్టం లేదని, ముద్ర వేసేటప్పుడు ఆవిడ చెయ్యి బరువు తెలిసినదాన్ని, నాకు తెలుసు.

ఆ కబురు విని దాలమ్మ తమ్ముడు కామేశు వచ్చాడు. పలాసలో చిన్న ప్రెస్సు అతనిది. కరపత్రాలు, పెళ్ళికార్డులు వేస్తాడు. మంచివాడే. కాకపోతే ప్రపంచంలో ప్రతి కష్టానికీ ఒక కార్డు అచ్చువేస్తే సరిపోతుందని అతని నమ్మకం.

"అప్పా, నాను కనుక్కున్నాను. సదువుకైతే సగమే. పెళ్ళికైతే మొత్తం ఇచ్చెస్తారు. పద్దెనిమిది నిండితే చాలు. గుంటకి ఆగస్టులోనే నిండాయి కదా!"

"దానికిప్పుడు పెళ్ళేటిరా?"

"పెళ్ళెవరు సెయ్యమన్నారు? కార్డు సాలు." అని జేబులోంచి తీశాడు. అప్పటికే వేసేశాడు. బంగారు అక్షరాలు, పైన వినాయకుడు, కింద ముహూర్తం. చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి ఢిల్లీశ్వరికి, చిరంజీవి మల్లికార్జునరావుకి.

గున్నయ్య చేతికర్ర గోడకి ఆనించి కార్డు అందుకున్నాడు. ఐదో తరగతి చదువుకున్న ధైర్యంతో ప్రతి అక్షరం పైకి చదివాడు. పెళ్ళికొడుకు పేరు దగ్గర ఆగాడు.

"ఎవుడీడు?"

"ఎవుడూ కాడు బావా. ఊరికే ఎట్టాను."

"ఎవుడూ కానోడికి నా పిల్లనెలగిస్తాన్రా?"

అందరూ నవ్వారు. దాలమ్మ మాత్రం నవ్వలేదు. డెబ్బైరెండు వేలు. హాస్టలు, బువ్వ, బస్సు, పరుపు, అన్నీ ఒక్కసారే తీరిపోతాయి. ఆమె కార్డుని నా పేజీల మధ్య పెట్టింది. ఒక పూటంతా అది నా లోపలే ఉంది. ఎనిమిదేళ్ళుగా నాలోకి వచ్చిన ప్రతి అక్షరం వెనకా ఒక రోజు కూలి ఉంది. ఏ కూలీ లేని ఆ బంగారు అక్షరాలు నాకు గుచ్చుకున్నట్టే అనిపించాయి. కానీ మెస్సు సంగతి గుర్తొచ్చినప్పుడు, ఉండనీలే అని కూడా అనుకున్నాను. పాసుపుస్తకానికీ కడుపు తీపి ఉంటుంది.

సాయంత్రం ఢిల్లీశ్వరి కార్డుని బయటికి తీసింది.

"అమ్మా, ఖాతా ఇప్పుడు నా సేతిలోది. సంతకం నాను పెట్టాలి. పెళ్ళవుతున్నాదని ఇక్కడ రాసి, పెళ్ళి కాలేదని కాలేజీలో రాయాలి. పోనీ రాసీసాననుకో. ఖాతా మూసెస్తారు. వచ్చే ఏడు మళ్ళీ ఫీజు అడిగితే? అప్పుడు ఎవుల్ని పెళ్ళాడమంటావు?"

దాలమ్మ కూతురి ముఖంలోకి చూసింది. ఆ చూపు నాకు కొత్త. అప్పటిదాకా ఆమె ఆ పిల్లని కాపాడవలసిన దాన్లా చూసేది. ఆ సాయంత్రం, సలహా అడగదగిన మనిషిని చూసినట్టు చూసింది.

"మరేటి సేద్దామే?"

"తెలీదు."

పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. గంజి వార్చడానికి లేచిన దాలమ్మ గిన్నె పట్టుకునే ఆగిపోయింది.

"కాలేజీ అడిగితే ఇస్తామన్నారు కదా అమ్మగారు?"

"ఊఁ."

"అయితే కాలేజీ సేత అడిగిద్దుము. బయట హాస్టలొద్దు. కాలేజీ హాస్టల్లో ఉండు. కొంచెం ఎక్కువైనా కాగితం మీదుంటాది." అని, కార్డు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. "దాసుకోరా. నిజం పెళ్ళప్పుడు తారీకు, ఆడి పేరు మార్సుకుందాము."

మర్నాడు పొద్దుటి రైలుకి బయల్దేరాం. నేను దాలమ్మ సంచిలో, చద్దన్నం డబ్బాకీ పిల్ల మార్కుల కాగితాలకీ మధ్య. కాలేజీ ఆఫీసులో గుమాస్తా, "ఫీజు కాగితం ఇచ్చేశాం కదమ్మా," అన్నాడు.

"ఇచ్చారు బాబూ. అందులో బువ్వ రాయలేదు."

అతనికి అర్థం కాలేదు. ఢిల్లీశ్వరి విడమరిచి చెప్పింది. హాస్టల్లో చేరుతుందని, చేరేటప్పుడు కాలేజీ ఏమేం తీసుకుంటుందో అన్నీ ఒకే కాగితంలో రాసి ముద్ర వేసి ఇవ్వాలని. "హాస్టలుకి రసీదు ఇస్తాం, కట్టాక," అన్నాడతను. కట్టాలంటే కాగితం కావాలి, కాగితం కావాలంటే కట్టాలి. మనుషులు ఎంతో తెలివిగా కట్టుకున్న ఇలాంటి చక్రబంధాలు నేను చాలా చూశాను.

దాలమ్మ బల్ల మీద కూర్చుంది. మధ్యాహ్నం అయింది. చద్దన్నం ఇద్దరూ అక్కడే తిన్నారు. మూడు గంటలవేళ ప్రిన్సిపాల్ మేడం అటుగా వచ్చి, "ఎవరమ్మా మీరు, పొద్దుట్నుంచీ ఉన్నారు?" అని అడిగింది.

దాలమ్మ నన్ను ఆమె చేతిలో పెట్టింది. చదువుకున్నవాళ్ళకి మాట కంటే కాగితం తొందరగా అర్థమవుతుందని ఆమె అనుకుని ఉంటుంది. మేడం నా పేజీలు తిప్పింది. ఐదువందలు, వెయ్యి, ఐదువందలు. ఒకచోట ఆగింది.

"ఈ ఏడాది ఏమీ కట్టలేదేం?"

"తితిలీ అండి."

మేడం తల ఊపింది. "మాకూ తుపానే. మా ఇంటి పైకప్పు హుద్‌హుద్‌కి పోయింది," అని మాత్రం అంది. గుమాస్తాని పిలిచి, కూర్చోబెట్టి, కాగితం కొట్టించింది. ట్యూషన్, లైబ్రరీ, తెల్లకోటు, పనిముట్ల పెట్టె, హాస్టలు, మొదటి విడత మెస్సు. అన్నీ కలిపి ముప్ఫైఐదు వేల నాలుగువందలు. సగానికి ఆరువందలు తక్కువ. కట్టవలసినదానికంటే ఒక్క రూపాయి ఎక్కువ రాయలేదు, రాయమని వీళ్ళూ అడగలేదు.

"ఇందులో బువ్వ ఏదే?" అని దాలమ్మ అడిగింది. కూతురు ఆఖరి వరస చూపించింది. దాలమ్మ దాని మీద వేలు పెట్టి, రైలు పలాస చేరేదాకా ఆ కాగితాన్ని అలాగే పట్టుకుని కూర్చుంది.

సుభాషిణిగారు ఈసారి కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు. "ఇది సరైన కాగితం," అన్నారు. "సంతకం పెట్టు తల్లీ." ఎనిమిదేళ్ళుగా తల్లి వేలిముద్ర పడుతూ వచ్చిన వ్యవహారంలో మొదటిసారి కూతురి సంతకం పడింది. ఎప్పుడూ పెరగడమే తెలిసిన నా అంకె ఒక్క గీతతో సగానికి దిగిపోయింది. నాకు కాస్త తల తిరిగింది. దాలమ్మ మాత్రం ఆ గీత మీద తడి ఆరేదాకా ఊదింది.

పరుపు, బకెట్టు, రైలుటికెట్టు చదువు కిందికి రావు గనక మేనమామ కిందికి వచ్చాయి. కామేశు అన్నీ తనే కొని, రైల్లోకి తనే ఎక్కించాడు.

తర్వాత ఆదివారాలు ఫోన్లు మొదలయ్యాయి. కూతురు ఎముకల పేర్లు చెప్పబోయేది. దాలమ్మ వినిపించుకునేది కాదు. "అది సరేగాని, ఏటెట్టారు ఇయ్యాల?" అని అడిగేది. ఉప్మా అంటే ముఖం చిట్లించేది. గుడ్డు కూర అంటే గున్నయ్యకి గట్టిగా చెప్పేది. ఏటా ఒకసారి కాగితం వచ్చేది. ఆ ఏటి లెక్క ప్రకారం తీసుకోనిచ్చే కాస్తా దానికి సరిపెట్టి, తక్కువైనది పిక్కల కూలితో, ఆలస్యంగా వచ్చే సర్కారు ఫీజు సాయంతో పూడ్చేవాళ్ళు. సుభాషిణిగారు పదవీ విరమణ చేశారు. ఆవిడ చోట వచ్చిన కుర్రాడు ఒకరోజు నా ఆఖరి గీత నింపి, కొత్త పుస్తకం ఇచ్చి, నా మీద 'రద్దు' అని కొట్టాడు. "ఇది పారెయ్యొచ్చమ్మా," అంటే దాలమ్మ అతని చేతిలోంచి లాక్కున్నంత పని చేసింది.

పోయిన దసరా సెలవులకి ఢిల్లీశ్వరి ఇంటికి వచ్చింది. రాగానే పట్టుచీర కోసం పెట్టె తెరిచారు గనక నాకు కాస్త వెలుతురు, గాలి తగిలాయి. పిల్ల తల్లి ఎదురుగా కూర్చుని, పిక్కలు కొట్టి కొట్టి బిగుసుకుపోయిన ఆమె వేళ్ళని ఒక్కొక్కటే పట్టుకుని మెల్లగా వంచుతోంది.

"నొప్పా?"

"లేదు."

"అబద్ధం. ఊపిరి బిగబట్టకమ్మా."

దాలమ్మ తన వేళ్ళ వంక చూడనే లేదు. కూతురి బుగ్గలు చూస్తోంది. ఇంటినుంచి వెళ్ళేటప్పుడు లోపలికి పోయి ఉన్న ఆ బుగ్గలు ఇప్పుడు గుండ్రంగా నిండి ఉన్నాయి. రెండో చేత్తో ఒక బుగ్గ పట్టుకుని లాగింది.

"పర్వాలేదే," అంది. "సదువు బాగానే ఒంటబట్టినాది."